ఎడమకు లాగే కారు

నంద్యాల,
2 ఫిబ్రవరి 2025.

ప్రభాకర్ అన్నకు,

నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. తపాలా కవరు కొనడానికి పోతే కౌంటర్లో ఆయన కోర్టుకా, బ్యాంకుకా అని అడిగాడు. మా అన్నకు అని చెబితే నమ్మినట్టు కనబడలేదు.

నువ్వు ఫోన్ ఎత్తి నెలన్నర దాటింది. హాస్టల్లో మాకు ఫోన్లు ఆదివారం రెండు గంటలే ఇస్తారని నీకు తెలుసు. నేను మొదట చేసేది నీకే. అమ్మ ఎత్తి, వాడు పనిలో ఉండాడు అంటుంది. ఆదివారం ఏం పని అని అడిగితే కూర ఏం చేశారు అని మాట మారుస్తుంది. మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపుతావు. అంత పొడుగు మెసేజ్ రాసిన మనిషికి బొటనవేలు చూపించడం న్యాయమా? అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీనికి బొటనవేలు అంటించి పంపలేవు.

నా సంగతులు చెబుతాను. డిప్లొమా చివరి ఏడాది ట్రైనింగ్ కింద నన్ను నూనెపల్లెలో యాకోబు గారి వీల్ అలైన్‌మెంట్ షెడ్డులో వేశారు. మొదటి వారం ఊడ్పించారు. రెండో వారం టైర్లకు గాలి పట్టించారు. ఇప్పుడు చక్రాలకు సెన్సర్లు బిగించనిస్తున్నారు. చక్రం నిటారుగా ఉందా, వాలిందా, ముందుకు చూస్తోందా, పక్కకు చూస్తోందా అన్నీ తెర మీద అంకెలుగా వస్తాయి. నిటారు అనే మాట ఎంత బాగుందో ఈ షెడ్డుకు వచ్చేదాకా నాకు తెలియదు. హాస్టల్ బీరువాలో అట్ట ఊడిపోయిన నిఘంటువు ఒకటి దొరికింది. రోజుకు ఒక మాట నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. నువ్వు నవ్వుతావు, నవ్వుకో.

అసలు విషయం ఇది. నువ్వు కారు స్ప్రింగులు ఒక చుట్టు కోయించి కిందికి దించావని అమ్మ చెప్పింది. పాత కారే అయినా వీధిలో అందరూ వంగి చూస్తున్నారట. అట్లా దించితే చక్రాల తలలు లోపలికి వాలిపోతాయి. టైర్ల లోపలి అంచు అరుగుతుంది. బయటి నుంచి చూస్తే కొత్త టైరులాగే ఉంటుంది, లోపల మాత్రం తీగలు తేలుతుంటాయి. చెయ్యి పెట్టి తడిమి చూడు. అంచు నున్నగా తగిలితే ఒకసారి ఇక్కడికి తీసుకురా. శనివారం రా. ఆదివారం యాకోబు గారు చర్చికి పోతారు, షెడ్డు తీయరు.

నామీద కోపం ఉంటే ఉందని రాయి. ఏమీ రాయకపోతే రోజుకొక కారణం నేనే పుట్టించుకుంటున్నాను.

నీ చెల్లెలు,
అరుణకుమారి


ఆళ్లగడ్డ,
9 ఫిబ్రవరి.

అరుణా,

ఉత్తరం అందింది. పోస్టుమ్యాన్ శిల్పాల షెడ్డుకే తెచ్చి ఇచ్చాడు. పనివాళ్లందరూ ఏ పిల్లదో అనుకున్నారు. చెల్లెలిదని చెబితే ఇంకా నవ్వారు.

కోపం ఏమీ లేదు. ఫోన్ స్పీకర్ పోయింది. బాగు చేయించాలి.

టైర్లు తడిమి చూశాను. నువ్వు చెప్పింది నిజమే, లోపల నున్నగా ఉన్నాయి. మిగతాదంతా బాగుంది. శబ్దం ఏమీ లేదు. ఎడమకు కొంచెం లాగుతుంది. అది నాకు అలవాటే. శనివారం వస్తా.

ఇక్కడి సంగతి ఒకటే. నేను రెండు నెలలు చెక్కిన ఆంజనేయుడు తోక దగ్గర పగిలింది. రాయిలో చీలిక ఉంది. క్వారీ నుంచి ఆ రాయి తోలింది జకరయ్య. ఇకమీదట అతని దగ్గర రాయి తీసుకునేది లేదని మా మేస్త్రి రంగయ్య గారు చెప్పేశారు. పాములపాడు వాళ్లది ఆ విగ్రహం. వాళ్లను బతిమాలుకొని గడువు అడిగారు.

నిఘంటువు పూర్తిగా మింగవద్దు. అరగదు.

ప్రభాకర్


నంద్యాల,
17 ఫిబ్రవరి.

అన్నా,

మొన్న శనివారం నువ్వు పైన సీట్లో కూర్చున్నావు, నేను కింద గుంతలో ఉన్నాను. కింద ఏం జరిగిందో నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. నా నోట్‌బుక్కులో ఇంతకంటే పెద్ద రోజు లేదు.

మొదట నీ కారు ర్యాంపే ఎక్కలేదు. మూతి నేలను గీరింది. యాకోబు గారు రెండు చెక్క పలకలు వేయించి, పిల్లిని గోడ ఎక్కించినట్టు ఎక్కించారు. తెర మీద ముందు చక్రాలు రెండూ ఎర్రగా వచ్చాయి. కుడిది రెండున్నర డిగ్రీలు లోపలికి వాలింది, ఎడమది ఒకటిన్నర. ఆ తేడా వల్లే బండి ఒక పక్కకు లాగుతుందట. నేను కంపెనీ అంకెలు పెట్టబోతే ఆయన ఆపారు. "ఆ అంకెలు స్ప్రింగు కోయని బండివి పాపా. ఇప్పుడు ఇది యాడ నిలబడిందో ఆడి నుంచి లెక్క వేయాల" అన్నారు. కిందికి దించిన బండికి నడిపే మనిషి బరువు కూడా తేడా చేస్తుందని నిన్ను దిగనివ్వలేదు. పాత బోల్టులు తీసి సన్నవి వేసి ముందు వాలు సరిచేశాం. వాలు మారితే చక్రం చూపు మారిపోతుంది. అందుకని చూపు చివర సరిచేయాలి. స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ మీద నట్టు వదులు చేసి, కొద్దికొద్దిగా తిప్పి, తెర పచ్చగా అయ్యేదాకా తిప్పింది నేనే. ఆ నట్టు బిగించాక సరిగ్గా బిగిసిందో లేదో అని మూడుసార్లు చూసుకున్నాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

రెండు సంగతులు మాత్రం నాకు అర్థం కాలేదు. నువ్వు బండి లోపలికి తెస్తుంటే ఎడమ చక్రం బేరింగ్ ఉయ్యిమని ఏడుస్తోంది. పక్క టీ అంగడివాళ్లు తల తిప్పి చూశారు. నువ్వేమో శబ్దం ఏమీ లేదని రాశావు. బేరింగ్ మార్చాం, ముందు టైర్లు రెండూ మార్చాం, అది సరే. గుంతలోంచి నేను, స్టీరింగ్ ఎడమకు తిప్పు అన్నా, అని మూడుసార్లు అరిచాను. నువ్వు కదలలేదు. చివరికి యాకోబు గారు వచ్చి అద్దం మీద తట్టారు. అప్పుడు తిప్పావు. మనసు ఎక్కడ పెట్టుకున్నావు?

పోయేటప్పుడు కూడా సరిగ్గా మాట్లాడలేదు. నేను ఏదో అడిగితే నవ్వి తల ఊపావు. అన్నం తిని పోతావా అని అడిగాను నేను. ఊపి, కారెక్కి వెళ్లిపోయావు.

బండి ఎట్లా పోతోందో రాయి. అది నా మొదటి పని. బాగుందని ఒక్క ముక్క రాసినా చాలు.

అరుణ


ఆళ్లగడ్డ,
24 ఫిబ్రవరి.

అరుణా,

బాగాలేదు.

చెడగొట్టినావు అనను. అందరూ వెన్నలా పోతోంది అంటున్నారు. నాకు మాత్రం చేతిలో ప్రాణం లేని వస్తువును పట్టుకున్నట్టుంది. ముందు స్టీరింగ్ అదిరేది. అదురును బట్టి ఎంత స్పీడులో ఉన్నానో, ఏ గేరు వేయాలో చెప్పగలిగేవాణ్ణి. ఎడమకు లాగుతుంటే నేను పట్టుకునేవాణ్ణి, రోడ్డు అంచు ఎంత దూరంలో ఉందో చేతికి తెలిసేది. ఇప్పుడు ఏదీ తెలియడం లేదు. మొన్న హైవే మీద మూడో గేరులోనే ఎంత దూరం పోయానో నాకే తెలియదు, ఇంజను పొగలు కక్కింది. వెనక లారీ వచ్చింది కూడా తెలియలేదు. పక్కనుంచి రాసుకుంటూ పోయింది, అద్దం విరిగింది. క్లీనరు కిటికీలోంచి ఒళ్లంతా బయటపెట్టి నోటికొచ్చినట్టు తిట్టాడు.

వీలు చూసుకొని ఒక శనివారం తెస్తా. మళ్లీ ముందులాగే చెయ్యి. ఎడమకు లాగాల. యాకోబు గారు వద్దంటే నువ్వు చెయ్యి, నట్టు ఎక్కడుందో నీకు తెలుసు కదా.

అమ్మకు అద్దం సంగతి చెప్పొద్దు.

ప్రభాకర్


నంద్యాల,
1 మార్చి.

అన్నా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

లారీ హారన్ కొట్టి ఉంటుంది. హారన్ కొట్టకుండా మన రోడ్డు మీద ఏ లారీ పోదు.

ఒక్కటే అడుగుతున్నాను. నీకు వినపడుతోందా?

అరుణ


ఆళ్లగడ్డ,
14 మార్చి.

అరుణా,

రెండుసార్లు రాసి చించేశాను. రెండింటిలోనూ నిన్ను తిట్టాను. ఇది మూడోది.

వినపడడం లేదు.

పూర్తిగా కాదు. కుడి చెవిలో దగ్గరి మాట వస్తుంది. ఎడమ చెవిలో ఎప్పుడూ గ్రైండరే తిరుగుతూ ఉంటుంది, అది కట్టేసిన తర్వాత కూడా. నాలుగేళ్లుగా రాయి కోసే మిషను పట్టుకుంటున్నాను. అందరూ చెవుల్లో దూది పెట్టుకుంటారు, నేనూ పెట్టుకున్నాను. మొదట పిచ్చుకలు పోయాయి. అంటే అవి ఉన్నాయి, చెట్టు మీద నోరు తెరవడం కనబడుతుంది. తర్వాత ఫోన్ పోయింది. నీ గొంతు సన్నం కదా, ఫోన్‌లో నువ్వు మాట్లాడితే బియ్యం చెరుగుతున్నట్టు ఉంటుంది. రెండుసార్లు ఊఁ ఊఁ అన్నాను. నువ్వు ఏదో బాధ చెప్పుకుంటున్నావేమో, నేను దేనికి ఊఁ అన్నానో అని ఆ రోజంతా మనసు నిలవలేదు. అప్పటి నుంచి ఎత్తడం మానేశాను. అమ్మకు చెవి బరువెక్కిందని మాత్రం తెలుసు. జలుబు అనుకుంటోంది, వెల్లుల్లి నూనె వేస్తోంది.

కారు దించింది షోకుకు అనుకుంటున్నారు. అనుకోనీ అని ఊరుకున్నాను. ఇంజను వినపడకపోతే బండి గాలిలో పోతున్నట్టు ఉంటుంది పాపా. స్ప్రింగు కోస్తే గట్టిపడి, గుంత, కంకర, రోడ్డు మీద గీత మందం కూడా నడుముకు తగులుతాయని ఒకడు చెప్పాడు. నిజంగానే తగిలాయి. చక్రం అదరడం మొదలయ్యాక ఇంకా నయమైంది. అందరూ బాగు చేయించుకొమ్మన్న అదురే నాకు దారి చెప్పింది. నువ్వు దాన్ని తీసేశావు. నీ తప్పు కాదు.

ఇంకొకటి ఉంది. ఇది రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు.

ఆంజనేయుడి రాయిని పరీక్ష చేసింది నేను. సుత్తితో కొడితే మంచి రాయి గంటలా మోగాల. లోపల చీలిక ఉంటే చప్పగా పలుకుతుంది, పగిలిన కుండను కొట్టినట్టు. రంగయ్య గారు నాకు ఎనిమిదేళ్లు పని నేర్పి, పోయిన ఏడాదే సుత్తి నా చేతికి ఇచ్చి, ఇకనుంచి రాయిని నువ్వు చూడు అన్నారు. షెడ్డులో ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆ రోజు నాలుగుచోట్ల కొట్టాను. నాకు ఏమీ వినపడలేదు. మోగుతోంది అన్నాను.

పగిలినప్పుడు రంగయ్య గారు నా ముఖం కూడా చూడలేదు. జకరయ్య చీలిక రాయి అంటగట్టినాడు అన్నారు. నేను నోరు విప్పలేదు. ఇప్పుడు అతని ట్రాక్టరు మన వీధిలోకి రావడం లేదు. ఇంకో రెండు షెడ్లవాళ్లు కూడా మానేశారని విన్నాను. విన్నాను అని రాశాను చూడు. ఒకడు కాగితం మీద రాసి చూపించాడు.

ఉగాదికి ముందు శుక్రవారం కొత్త రాయి వస్తోంది, వేరే చోటి నుంచి. నేను కొట్టి చెప్పాల. వినపడదని తెలిస్తే నా చేతిలోంచి సుత్తి పోతుంది. షెడ్డులో ఉండనిస్తారో లేదో అదీ తెలియదు. ఈ మధ్య అన్నం సహించడం లేదు. చెక్కుతూ చెక్కుతూ లేచి రోడ్డు మీదికి పోయి వస్తున్నాను, ఎందుకో నాకే తెలియదు.

అమ్మకు చెప్పొద్దు. కారు మాత్రం మళ్లీ ముందులాగా చేసిపెట్టు. అదొక్కటీ అడుగుతున్నా.

అన్న


నంద్యాల,
18 మార్చి.

అన్నా,

కారు ముందులాగా చేయను.

చేయడం కష్టం కాదు. నట్టు వదులు చేసి ఒక చుట్టు తిప్పితే చాలు, నీ బండి మళ్లీ ఎడమకు లాగుతుంది. నువ్వు దాన్ని పట్టుకొని, అంచు తెలుస్తోంది అనుకుంటావు. వెనక వచ్చే లారీ సంగతి ఏ నట్టూ చెప్పదు. పక్కన అమ్మ కూర్చొని ఉంటే? ఈ మాట రాయకూడదని చాలాసేపు కలం పట్టుకొని కూర్చున్నాను. రాసేశాను.

నేను కూడా ఒకటి దాచాను. గుంతలోంచి మూడుసార్లు అరిచానని రాశాను కదా. రెండోసారి గుంతలోంచి తల బయటికి పెట్టి అరిచినప్పుడే నాకు అనుమానం వచ్చింది. నువ్వు అద్దంలోంచి నన్నే చూస్తున్నావు, నా నోరు చూస్తున్నావు, అయినా కదలలేదు. షెడ్డులో అందరూ చూస్తున్నారు. మీ అన్నకు ఏమైంది అని యాకోబు గారు అడిగారు. నేను నవ్వి, మా అన్నకు పొగరు సార్, మెకానిక్కుల మాట వినడు అన్నాను. అందరూ నవ్వారు. నేను ట్రైనింగ్ పిల్లని, వాళ్ల ముందు మా అన్నకు వినపడదు అని చెప్పడానికి నాకు సిగ్గేసింది. నిన్ను పొగరుబోతును చేసి నేను బయటపడ్డాను. బేరింగ్ గురించి అంత వివరంగా రాసి నిన్ను అడిగింది కూడా, నువ్వే చెబితే నేను చెప్పనక్కరలేదని. నువ్వు జకరయ్య సంగతి రాస్తే నాకు నిన్ను ఒక్క మాట అనే నోరు లేకపోయింది.

నిన్న యాకోబు గారికి నిజం చెప్పాను. నిన్ను అడగకుండా చెప్పాను, తిట్టాలంటే తిట్టు. ఆయన పానా కింద పెట్టి, "పొగరు కాదని ఆ రోజే తెలుసు పాపా. నువ్వు ఎప్పుడు చెప్తావా అని చూస్తాండా" అన్నారు. ఆ తర్వాత నాకు పని చెప్పలేదు. పోయి టీ తాగి రమ్మన్నారు.

ఇక్కడ పెద్దాసుపత్రిలో చెవి డాక్టరు సోమవారాలు చూస్తారట. ఒక గదిలో కూర్చోబెట్టి, ఏ శబ్దం ఎంతవరకు అందుతుందో గీత గీసి చూపిస్తారట. ఏమంటారో నాకు తెలియదు. పోయింది తిరిగి రాదని కూడా అనవచ్చు. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు, చెవికి మిషను పెట్టుకోవచ్చు. నాకు తెలిసింది అంతే, ఎక్కువ రాసి నిన్ను మభ్యపెట్టను.

శుక్రవారం రాయి కొట్టకముందే రంగయ్య గారికి చెప్పు. కొట్టిన తర్వాత చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. సుత్తి పోతే పోనీ అని నేను సులువుగా రాయగలను, ఎనిమిదేళ్లు కష్టపడింది నేను కాదు కదా. అయినా అదే రాస్తున్నాను.

ఆ శుక్రవారం షెడ్డుకు సెలవు అడిగాను, నీ దగ్గరికి రావాలని. మళ్లీ వద్దనుకున్నాను. నేను పక్కన ఉంటే నీ తరఫున నేనే మాట్లాడేస్తాను. నువ్వే చెప్పాలి.

అరుణ


ఆళ్లగడ్డ,
29 మార్చి.

అరుణా,

నిన్న పొద్దున్నే రాయి దించారు. రంగయ్య గారు సుత్తి నా చేతికి ఇచ్చారు. చుట్టూ ఆరుగురు ఉన్నారు. నేను రాయి దగ్గరికి పోయి నిలబడ్డాను. సుత్తి తిరిగి ఆయన చేతిలో పెట్టి, నాకు వినపడదు మేస్త్రీ, ఆంజనేయుడప్పుడు కూడా వినపడలేదు, మోగుతోందని అబద్ధం చెప్పినా అన్నాను. గట్టిగానే అన్నానట. నాకు నా గొంతు అంతు తెలియడం లేదు, వీధిలో పోయేవాళ్లు కూడా నిలబడ్డారట.

ఆయన రాయి దగ్గరికి పోయారు. నాలుగుచోట్ల తనే కొట్టి, రాయి బాగుందని చెప్పి లోపలికి పోయారు. నేను ఎండలో అట్లనే నిలబడినా. పోవాలో ఉండాలో తెలియదు. చాలాసేపటికి చొక్కా తొడుక్కొని, కాళ్లకు చెప్పులు వేసుకొని వచ్చారు. నా ఎదురుగా నిలబడి, నోరు బాగా తెరిచి, "పా, జకరయ్య ఇంటికి" అన్నారు.

జకరయ్య బయట ట్రాక్టరు టైరు మీద కూర్చొని ఉన్నాడు. ముందు రంగయ్య గారే చేతులు జోడించారు. అరవై ఏళ్ల మనిషి. తర్వాత నేను చెప్పాను, మొదటినుంచి, ఏదీ వదలకుండా. జకరయ్య తల వంచుకొనే ఉన్నాడు. అంతా అయ్యాక టవలుతో మూతి తుడుచుకుంటూ ఏదో అన్నాడు. రెండేళ్లుగా ఇట్లాంటప్పుడు నేను నవ్వి తల ఊపుతున్నాను. నీ దగ్గర కూడా అట్లనే ఊపినా. నిన్న మెడ దానంతట అది ఊగబోయింది. పట్టుకున్నాను.

"వినపడల్యా జకరయ్యా. మళ్లీ చెప్పు" అన్నాను.

అతను తలెత్తి నా వైపు చూశాడు. లేచి దగ్గరికి వచ్చాడు. "యా చెవి బాగుండేది?" అని చేత్తో అడిగాడు. కుడిది చూపించాను. ఆ చెవి దగ్గరికి వంగి మొదటినుంచి తిట్టడం మొదలుపెట్టాడు. రెండు నెలలు ట్రాక్టరు తుప్పు పట్టిందన్నాడు. కూతురు అనిత ఎదురుగా జనం తనను దొంగ రాళ్లోడు అన్నారన్నాడు. నన్ను, నా చెవులను, నా సుత్తిని, నేను చెక్కబోయే దేవుళ్లను కూడా వదల్లేదు. రంగయ్య గారు ఆపబోతే ఆయన్నీ కలిపి తిట్టాడు. ఒక్క మాట కూడా పోలేదు, అన్నీ అందాయి. తిట్టి తిట్టి అలసిపోయి, లోపలికి పోయి, మళ్లీ బయటికి వచ్చి మాకు నీళ్లిచ్చాడు. తిరిగి రాయి తోలతానని మాత్రం అనలేదు. ఆలోచించి చెప్తానన్నాడు.

రాళ్లు చూసే పని నాకు ఇక లేదు. రంగయ్య గారు ముఖం మీదే చెప్పారు. గ్రైండరు కూడా ముట్టుకోవద్దన్నారు. ఉలి పని మాత్రం ఉంది, కళ్లూ ముక్కూ తీర్చే పని. పాములపాడోళ్ల ఆంజనేయుణ్ణి ఈ కొత్త రాయిలో నేనే పూర్తి చేయాలట. ఒక్క పైసా కూలి లేకుండా చేస్తానన్నాను. అది నిన్నెవరు అడిగారు అని కసిరారు.

అమ్మకు రాత్రి చెప్పాను. వెల్లుల్లి నూనె సీసా తీసుకుపోయి దొడ్లో పారబోసింది. ఏడుస్తుందేమో అనుకున్నా. చెల్లెలికి ముందు చెప్పినావా, నాకు ముందు చెప్పినావా అని అడిగింది.

కారు మీద పట్ట కప్పి, బ్యాటరీ వైరు తీసి పెట్టాను. నట్టు ముట్టుకోవద్దు. డాక్టరు ఏం చెబుతాడో చూశాక దాని సంగతి. నువ్వు సరిచేసిన బండిని ఒక్కసారైనా బాగుందని అనాలని ఉంది. నిజం చెప్పాలంటే ఇంకా తెలియడం లేదు.

ఎల్లుండి సోమవారం పొద్దున బస్సుకు వస్తాను. ఈ ఉత్తరం అప్పటికి అందదని ఆ బస్సు కండక్టరుతోనే ఈ సాయంత్రం పంపుతున్నాను, హాస్టల్లో ఇస్తానన్నాడు. బస్టాండులో నన్ను దూరం నుంచి పిలవొద్దు. ఎదురుగా వచ్చి నిలబడు.

అన్న